డిగ్రీలో ఫుట్‌బాల్: మూడేళ్ళు ఆడినందుకు చేతికి ఏం మిగలాలి

నల్లగొండ దగ్గర సర్కారు డిగ్రీ కాలేజీలో రెండో ఏడు చదువుతున్న తమ్ముడు అడిగింది ఇదీ. కాలేజీ టీములో లెఫ్ట్ వింగ్ ఆడుతున్నాడు, యూనివర్సిటీ టీములోకి పోవాలని ఉంది. ఇంట్లో నాన్న "బంతి ఎనక ఉరికితే బువ్వ పెడతదా" అంటున్నాడు. డిగ్రీలో ఆడి బయటికొచ్చినవాళ్ళు ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఏది వేరేగా చేసేవాళ్ళు, ఏది కాపాడుకునేవాళ్ళు అని ప్రశ్న.

తమ్మీ, ఆట రాక ఆగిపోయినవాళ్ళకంటే కాగితం లేక, కాలు బెణికి ఆగిపోయినవాళ్ళే మన దిక్కు ఎక్కువ. అందుకే డ్రిబ్లింగ్ గురించి ఇక్కడ పెద్దగా రాయను. అది గ్రౌండ్‌లో మీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ చెప్తాడు.

మొదట నువ్వు ఏ యూనివర్సిటీకి ఆడతావో తేల్చుకో. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల డిగ్రీ కాలేజీలు మహాత్మా గాంధీ యూనివర్సిటీ కిందికి వస్తాయి. మహబూబ్‌నగర్, నారాయణపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు అయితే పాలమూరు యూనివర్సిటీ. ఒకటి 2007లో, ఇంకొకటి 2008లో పుట్టాయి. అంతకుముందు ఈ పిల్లలంతా ఉస్మానియా సెలక్షన్‌కు పోయి హైదరాబాద్ క్లబ్బుల్లో ఆడేవాళ్ళతో పోటీ పడాల్సి వచ్చేది. ఇప్పుడు టీములో చోటు దొరకడం అప్పటికంటే తేలిక, ఈ సంగతి చాలామందికి పట్టదు. అదే ఊళ్ళో ఇంజినీరింగ్ చదివే నీ దోస్తు జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో ఉంటే అతను జేఎన్‌టీయూ టీముకే ఆడాలి, మీ టీముకు కాదు.

మెట్లు ఇలా ఉంటాయి. ముందు ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్, అందులోనో దాని వెంటనో యూనివర్సిటీ సెలక్షన్. ఎంపికైనవాళ్ళకు కొద్ది రోజుల క్యాంపు, తర్వాత సౌత్ జోన్. సౌత్ జోన్‌లో తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి యూనివర్సిటీలు ఉంటాయి. అక్కడ పైన నిలిచిన టీములే అఖిల భారత పోటీకి పోతాయి. దానికిచ్చేది సర్ ఆశుతోష్ ముఖర్జీ ట్రోఫీ. ఇదంతా నడిపించేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, అందరూ ఏఐయూ అంటారు.

సౌత్ జోన్ మొదట నాకౌట్. ఓడితే ఒక్క మ్యాచ్‌తో బండి ఎక్కాల్సిందే. కేరళ యూనివర్సిటీలు, అందులోనూ కాలికట్, దేశంలోనే గట్టి టీములు. మొదటి రౌండులోనే వాళ్ళు తగిలితే డ్రా దాకా లాగి షూటౌట్‌లో చూసుకోవడం సిగ్గుపడే పని కాదు. అందుకే క్యాంపులో రోజూ ప్రాక్టీసు చివర, కాళ్ళు బరువెక్కాక, తలా అయిదు పెనాల్టీలు కొట్టాలి. తాజా కాళ్ళతో పొద్దుగాల కొట్టే పెనాల్టీలు వేరు, 90 నిమిషాలు ఆడి కొట్టేవి వేరు.

ఇక కాగితాల సంగతి, జర మనసు పెట్టి చదువు. ఇంటర్ కాలేజ్ సర్టిఫికెట్ గోడకు పనికొస్తుంది, ఉద్యోగానికి పనికిరాదు. సర్కారు కొలువుల్లో స్పోర్ట్స్ కోటాకు యూనివర్సిటీ స్థాయిలో లెక్కకొచ్చేది నీ యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ టోర్నీలో ఆడినట్టున్న సర్టిఫికెట్. దాన్ని ధ్రువీకరించే నమూనాను ఫారం-3 అంటారు. ఫారం-1 దేశానికి ఆడినవాళ్ళది, ఫారం-2 రాష్ట్రానికి ఆడినవాళ్ళది, ఫారం-4 స్కూల్ గేమ్స్‌ది. ఫారం-3 మీద యూనివర్సిటీలో ఆటల బాధ్యత చూసే అధికారి సంతకం, ముద్ర ఉండాలి. టోర్నీ అయ్యి వచ్చిన నెలలోపే ఇది చేయించుకో. నాలుగేళ్ళ తర్వాత నోటిఫికేషన్ పడ్డప్పుడు పోతే అధికారి మారి ఉంటాడు, పాత టీము జాబితా ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు.

పేరు దగ్గరే ఎక్కువమందికి దెబ్బ పడుతుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, టోర్నీ దగ్గర హడావుడిగా నింపిన ఫారంలో ఇంటిపేరే ఉండదు. టోర్నీ సర్టిఫికెట్ ఆ ఫారం చూసే రాస్తారు. రేపు సర్టిఫికెట్ల పరిశీలనలో "ఈ ఇద్దరూ ఒకరేనా" అని అడుగుతారు. అందుకే ఎలిజిబిలిటీ ఫారం నింపేటప్పుడు టెన్త్ మెమో పక్కన పెట్టుకుని, ఇంగ్లిష్ స్పెల్లింగ్ అక్షరం అక్షరం దింపు. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా అంతే. సర్టిఫికెట్ చేతికిచ్చిన చోటే, బస్సెక్కకముందే చదువుకో. తప్పుంటే నిర్వాహకుల టేబుల్ దగ్గర పది నిమిషాల్లో సరిచేస్తారు. ఇంటికొచ్చాక ఆ పది నిమిషాల పనికి నెలలు పడతాయి. లామినేషన్ మాత్రం చేయించకు, వెనక సంతకమో ముద్రో వేయాల్సి వస్తే కష్టం. ప్లాస్టిక్ కవరు ఫైలు చాలు.

ఎలిజిబిలిటీకి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఈ ఏటి అడ్మిషన్ రుజువు, బోనఫైడ్, ఐడీ కార్డు, ఫొటోలు కావాలి. ఏఐయూ టోర్నీకి వయసు 17 నిండి ఉండాలి, 25 దాటకూడదు. రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి, దూరవిద్య చెల్లదు. ఏ తేదీ నాటికి వయసు లెక్క అనేది ఆ ఏటి సర్క్యులర్‌లో ఉంటుంది, పీడీ సార్‌ను అడిగి నీ కళ్ళతో చూడు. ఒరిజినల్స్ కాలేజీ ఆఫీసులో ఉంటే సెలక్షన్‌కు రెండు వారాల ముందే దరఖాస్తు పెట్టు. "రేపు రా" అనే మాట ఆఫీసులో కనీసం మూడుసార్లు వినాలి, అది లెక్కలో వేసుకో.

హాజరు విషయం చిన్నదే కానీ ముంచుతుంది. 75 శాతం కావాలి. ఆటకు పోయిన రోజులకు ఆన్ డ్యూటీ రాయించుకోవచ్చు, అయితే పోయేముందే ప్రిన్సిపల్ సంతకంతో లెటర్ ఉండాలి, కాపీ నీ దగ్గర ఉండాలి. ఇంటర్నల్స్ తప్పితే లెక్చరర్‌ను బతిమాలి మళ్ళీ రాయొచ్చు. సెమిస్టర్ పరీక్ష టోర్నీ రోజుల్లోనే పడితే ఆ పేపర్ మామూలుగా తర్వాతి సారే. అలాంటప్పుడు ఏది వదులుకోవాలో ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకో, రైల్వే స్టేషన్‌లో కాదు. నా మాట అడిగితే, సౌత్ జోన్‌కు ఒక పేపర్ వదులుకోవచ్చు. ఇంటర్ కాలేజ్‌కు వదులుకోకు.

ఇక కాళ్ళు. మన దగ్గర పచ్చ గడ్డి గ్రౌండ్ అరుదు. చెల్క నేల, మీద మొరం, వానాకాలం పోయాక రాయిలా గట్టిపడుతుంది. దానికితోడు మధ్యలో క్రికెట్ పిచ్. సిమెంటు పట్టీ ఉంటే దాని అంచు దగ్గరే చీలమండలు బెణుకుతాయి. దానిమీద, అంచులు దాటి అడుగు మేర, రెండంగుళాల మందం ఇసుక పోయించండి. ప్రాక్టీసుకు ముందు టీమంతా వరసగా నిలబడి గ్రౌండ్ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ గులకరాళ్ళు ఏరాలి, అయిదు నిమిషాల పని. ముందురోజు మాపటికి ట్యాంకర్ నీళ్ళు చల్లిస్తే దుమ్ము అణుగుతుంది, నేల కూడా కాస్త మెత్తబడుతుంది.

ఈ నేలకు పొడుగు స్టడ్స్ బూట్లు వద్దు. గట్టి నేలలో స్టడ్ దిగదు, కాలు దానిమీద నిలబడి ఊగుతుంది. లేదా పగులులో ఇరుక్కుంటుంది, ఒళ్ళు తిరిగినా పాదం తిరగదు, ఆ మెలి మోకాలికి పోతుంది. పొట్టిగా, ఎక్కువ సంఖ్యలో రబ్బరు బుడిపెలున్న టర్ఫ్ బూట్లు రోజువారీ ప్రాక్టీసుకు తీసుకో. గడ్డి గ్రౌండ్‌లో మ్యాచ్ ఉంటేనే మౌల్డెడ్ స్టడ్స్. సౌత్ జోన్‌కు రెండూ పట్టుకుపో. బూట్లు సాయంత్రం పూట, ఆడేటప్పుడు వేసుకునే సాక్సులతోనే కొలిచి కొను. పొద్దున కంటే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. వేళ్ళ ముందు అర సెంటీమీటరు జాగా చాలు, అంతకంటే ఉంటే పాదం లోపల జారి గోళ్ళు నల్లబడతాయి. కొన్న రోజే చెప్పులు కుట్టే ఆయన దగ్గర అట్ట చుట్టూ గట్టి దారంతో కుట్టు వేయించు. గమ్ము మీద ఉన్న బూటు మొరంలో రెండు నెలలు ఆగదు.

బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు, అది సైజ్ 5. గాలి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ దాకా ఉండొచ్చని నియమం. గట్టి నేల మీద 9 దగ్గర ఆపితే ఎగుడు తగ్గుతుంది, ఫస్ట్ టచ్ నేర్చుకోవడం సులువు. పంపు సూదిని తడిపి దించు, ఎండు సూది గుచ్చితే లోపలి వాల్వ్ చిరుగుతుంది.

వార్మప్ అంటే గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టి కాళ్ళు సాగదీయడం అనే పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది. దాని బదులు ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ వరస చేయండి. 20 నిమిషాలు పడుతుంది, సామాను అక్కర్లేదు. మెల్లగా పరుగు, తర్వాత బలం, బ్యాలెన్స్, గెంతులు, చివర వేగంగా పరుగు, మలుపులు. వారానికి కనీసం రెండు మూడుసార్లు క్రమంగా చేసే టీముల్లో గాయాలు మూడో వంతు దాకా తగ్గుతాయి. మానితే ఫలం కూడా పోతుంది.

అందులోదే ఒక కసరత్తు వింగర్‌గా నీకు తప్పనిసరి. మోకాళ్ళ కింద మడతపెట్టిన దుప్పటి వేసుకుని మోకాళ్ళ మీద నిలబడు. వెనక దోస్తు నీ రెండు చీలమండలనూ నేలకేసి అదిమి పట్టుకుంటాడు. తల నుంచి మోకాలి దాకా ఒళ్ళు ఒకే గీతలో ఉంచి, నడుము దగ్గర వంగకుండా, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా ముందుకు వాలు. తొడ వెనక కండరం ఇక ఆపలేనన్నప్పుడు చేతులు నేలకు ఆనించి, నెట్టుకుని పైకి రా. దీన్ని నార్డిక్ అంటారు. మొదటి వారం ఒకే రోజు, రెండు సెట్లు, సెట్‌కు అయిదు. రెండో వారం రెండు రోజులు, సెట్‌కు ఆరు. మూడో వారం నుంచి మూడు సెట్లకు పో. తొలిసారి చేశాక రెండు రోజులు మెట్లు దిగలేవు, అది మామూలే. మ్యాచ్‌కు ముందురోజు మాత్రం చేయకు. స్ప్రింట్‌లో తొడ వెనక "టప్" మని పట్టేసే గాయాన్ని సగానికి తగ్గించే కసరత్తు ఇది. ఇంతటి ఫలం ఇచ్చేది ఇంకోటి లేదు.

కాలు బెణికితే ఏం చేయాలో ఇప్పుడే నేర్చుకో, ఆ రోజు నేర్చుకుంటానంటే కుదరదు. రెండు ప్రశ్నలు. బెణికిన వెంటనే, మళ్ళీ ఆసుపత్రి దగ్గర, నాలుగు అడుగులు వేయగలవా? చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముక వెనక అంచు మీద, అక్కడి నుంచి ఆరు సెంటీమీటర్లు పైదాకా, వేలితో నొక్కితే ఎముకే నొస్తోందా? అడుగులు వేయలేకపోయినా, ఎముక నొచ్చినా ఎక్స్-రే తప్పదు. పాదం బయటి అంచు మధ్యలో ఉన్న బుడిపె నొచ్చినా అంతే. ఇవేవీ లేకపోతే చాలావరకు ఎముక విరగలేదు, లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ) సాగింది. మనవాళ్ళు దాన్నీ "నరం పట్టింది" అనే అంటారు.

మొదటి రెండు రోజులు వేడి కాపడం వద్దు, నూనె పెట్టి రుద్దించడం అసలే వద్దు, వాపు పెరుగుతుంది. కట్టు కట్టేవాళ్ళ దగ్గర కాలు గుంజించుకోవడం ఇంకా ప్రమాదం, ఎముక చిట్లి ఉంటే పక్కకు తప్పుకుంటుంది. బట్టలో చుట్టిన మంచు 15 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి. క్రేప్ బ్యాండేజీ వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి. వేళ్ళు చల్లబడినా తిమ్మిరెక్కినా విప్పి వదులుగా కట్టు. కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకో. నొప్పి ఓర్చుకోగలిగేంతగా మూడో రోజు నుంచి నడక మొదలుపెట్టొచ్చు.

మళ్ళీ ఎప్పుడు ఆడాలో క్యాలెండర్ చెప్పదు. బెణికిన కాలి మీద ఒక్కదానిమీదే నిలబడి మడమ ఎత్తడం 20 సార్లు, కళ్ళు మూసుకుని అదే కాలి మీద 30 సెకన్లు నిలబడటం, ఒంటికాలి గెంతు రెండో కాలితో సమానంగా పడటం, వేగంగా పరిగెత్తి ఠక్కున దిశ మార్చడం. ఇవి నొప్పి లేకుండా వస్తే దిగు. సెలక్షన్ ఎల్లుండి ఉందని నొప్పి మాత్ర మింగి దిగినవాడికి అదే చీలమండ ఆ సీజన్‌లో మళ్ళీ బెణుకుతుంది, మూడోసారికి మెట్లమీద కూడా మడతపడుతుంది.

మోకాలు వేరే కథ. మలుపులో లోపల "పటక్" మని వినిపించి, రెండు మూడు గంటల్లోనే మోకాలు బుస్సున ఉబ్బితే ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్) తెగి ఉండొచ్చు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించి ఎమ్మారై తీయించు. ఆపరేషన్ అయితే తొమ్మిది నెలల లోపు పోటీ ఆట వద్దు. తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, స్కోరు మరిచిపోయినా ఆ రోజు ఆట అయిపోయినట్టే. "ఏం కాలే సార్" అని దెబ్బ తిన్నవాడే అంటాడు, ఆ మాట వినొద్దు.

తిండికి పెద్ద ఖర్చక్కర్లేదు. 60 కిలోల పిల్లగాడికి రోజుకు 85 నుంచి 100 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకు 6 గ్రాములు, గుప్పెడు పల్లీలకు 7, 8, గ్లాసు పాలకు 8, యాభై గ్రాముల మీల్‌మేకర్‌కు 25. మిగతాది పప్పు, జొన్నరొట్టె, అన్నం చూసుకుంటాయి. మ్యాచ్‌కు మూడు గంటల ముందు అన్నం, పప్పు లేదా చారు, గంట ముందు అరటిపండు. ఎండలో ఆడితే ప్రాక్టీసుకు ముందు, తర్వాత తూకం చూసుకో. తగ్గిన ప్రతి కిలోకూ ఒకటి నుంచి ఒకటిన్నర లీటరు నీళ్ళు తిరిగి తాగాలి, లీటరుకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి.

సెలక్షన్ రోజు ఇరవై నిమిషాల ఆట చూసి తీసుకుంటారు. ముగ్గుర్ని దాటి బంతి పోగొట్టుకున్నవాడికంటే, పోయిన బంతి కోసం వెంటనే వెనక్కి ఉరికినవాడు, నోరు విప్పి పక్కవాడికి చెప్పేవాడు కళ్ళకు పడతాడు. నీది లెఫ్ట్ వింగ్ అన్నావు. ఎడమ కాలితో క్రాస్ వేయగలిగితే లెఫ్ట్ బ్యాక్ కూడా ఆడతానని చెప్పు, ఆ చోటుకు ప్రతి యూనివర్సిటీలో కరువే. కుడి కాలివాడివైతే గోడకేసి రోజూ 100 పాసులు ఎడమ కాలితోనే కొట్టు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిన టీములకు కోచ్ అయిన హైదరాబాదీ ఎస్.ఎ. రహీం, చేతగాని కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవాడు. ఆయన ఉస్మానియాలో చదివిన బడి పంతులు. నాన్నకు చెప్పాలనుకుంటే ఈ సంగతి చెప్పు. దమ్ము చూసుకోవడానికి 400 మీటర్ల ట్రాక్ మీద 12 నిమిషాల్లో ఏడు రౌండ్లు, అంటే 2800 మీటర్లు, కొట్టగలగాలి. అది రాకుండా సౌత్ జోన్‌లో రెండో హాఫ్ ఆడటం కష్టం.

డిగ్రీ తర్వాతి మాట. తెలంగాణలో కొలువుల భర్తీలో క్రీడాకారులకు 2 శాతం ఉంది. రైల్వే స్పోర్ట్స్ కోటాకు వయసు 18 నుంచి 25, సడలింపు ఉండదు. టోర్నీలో ఆడితే సరిపోదు, ఏ స్థానం వచ్చిందో కూడా చూస్తారు, పైన ట్రయల్స్. అంటే డిగ్రీ అయ్యాక నీకున్నది నాలుగేళ్ళే, ఆ నాలుగేళ్ళూ ఒళ్ళు ఆడే స్థితిలోనే ఉండాలి. కోచింగ్ సెంటర్‌లో చేరి రెండేళ్ళు బంతి ముట్టకుండా, నోటిఫికేషన్ పడ్డాక నెల రోజుల్లో ఫిట్ అవుదామనుకుంటే తొడ కండరం చెప్తుంది సంగతి. ఆటలోనే ఉండాలంటే పీఈసెట్ (వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష) రాసి బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు), లేదా పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా. కోచ్‌గా మొదటి మెట్లలో ఒకటి ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) డి లైసెన్స్. పీఈసెట్‌లో పరుగు, గెంతుల పరీక్షలు కూడా ఉంటాయి, ఆడుతున్న ఏడాదే రాస్తే సులువు.

ఒకవేళ ఆట పూర్తిగా ఆపేస్తే, ఆపిన వారమే కంచంలో అన్నం మూడో వంతు తగ్గించు. రోజూ రెండు గంటలు ఉరికిన కడుపు అదే ఆకలితో అడుగుతుంది, ఏడాదిలో పది కిలోలు ఎక్కేది అక్కడే. వారానికి రెండు సాయంత్రాలు అయిదుగురు అయిదుగురుగా ఆడుకునే జట్టు ఒకటి కట్టుకో. ఆడని నెలల తర్వాత దిగేటప్పుడు కూడా ఆ 20 నిమిషాల వార్మప్, నార్డిక్ మానకు. ముప్పై దాటాక సంక్రాంతి టోర్నమెంట్లలో మడమ వెనక పట్టీ (అకిలెస్) తెగేది ఎక్కువగా అలవాటు తప్పి ఒక్కసారిగా దిగినవాళ్ళకే.

ఈ వారం చేయాల్సింది: టెన్త్ మెమో, ఆధార్, కాలేజీ రికార్డు మూడూ పక్కన పెట్టి పేరు సరిపోల్చు. తేడా ఉంటే ఆధార్ నుంచి మొదలుపెట్టు.